ముక్కులో సీసం

చక్రధరరావు ఎర్ర పెన్సిలు మొనతో విమానం బొమ్మ పెట్టెలో వచ్చిన కాగితం మీది గళ్ళను ఒక్కొక్కటే తాకుతూ వచ్చి తొమ్మిదో గడి దగ్గర ఆగిపోయాడు. దానికి టిక్కు లేదు.

ఎనిమిదో గడికి ఉంది. పదో గడికి ఉంది. నిన్న సాయంత్రం పదో గడికి టిక్కు పెట్టినప్పుడు కాగితం మధ్యకి మడిచి ఉండటంతో పై వరస కనబడలేదు. తొమ్మిదో గడిలో విమానం ముక్కు బొమ్మ వేసి, పక్కన నల్లటి గుండు గీసి, పదిహేను గ్రాములు అని అంకె వేశారు. ముక్కులో బరువు పెట్టి ఆ తరవాతే ఒంటి రెండు సగాలూ అతికించమని దాని అర్థం. బరువు లేకపోతే ఈ జాతి విమానం బొమ్మ మూడు చక్రాల మీద నిలబడదు. వెనక్కి ఒరిగి, కుక్క కూర్చున్నట్టు తోక మీద కూర్చుంటుంది.

ఒళ్ళు అతుక్కుపోయింది. శనివారం టేపు చుట్టి ఉంచిన రెండు సగాలకీ నిన్న సాయంత్రం తనే అంచు పొడుగునా పల్చటి జిగురు కుంచెతో పోశాడు. ఆ జిగురు ప్లాస్టిక్కును కరిగించి కలిపేస్తుంది. ఇంక విడదీయాలంటే రంపంతో కొయ్యడమే.

బచేలీ ఇనుపరాయి గనిలో, రాయి పగలగొట్టే ప్లాంటులో, ఇరవై ఆరేళ్ళుగా చక్రధరరావు మరమ్మతుల పని చేస్తున్నాడు. అక్కడ ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. బోల్టు బిగించావా, టిక్కు. గ్రీజు పెట్టావా, టిక్కు. కుర్రవాళ్ళు ఎవరైనా ఆ పని చేసేశాం సార్, టిక్కు పెట్టడం మరిచామంటే ఆయన మళ్ళీ పానా చేతికిచ్చి ఆ బోల్టు విప్పించి తిరిగి బిగింపజేసేవాడు. టిక్కు లేకపోతే ఆ పని జరగలేదన్నమాటే. ఇంట్లో బొమ్మకి కూడా అదే పద్ధతి పెట్టుకున్నాడు.

విశ్వకర్మ పూజ ఇంకా పది రోజులుంది. ఆ రోజు షెడ్డులో యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్లు పెడతారు. పానాలూ సుత్తులూ ఎర్రబట్ట మీద పేర్చి పూజ చేస్తారు. ఒక్కొక్క సెక్షనూ తన చేతిపని ఏదో ఒకటి పక్కన పెడుతుంది. ఈసారి తన సెక్షను తరపున విమానం పెడతానని చక్రధరరావు ఒప్పుకున్నాడు. మన వాయుసేన అరవై ఏళ్ళు నడిపి, మొన్నీమధ్యే పక్కన పెట్టేసిన మిగ్ విమానం. నలభై ఎనిమిదో వంతు. మూరెడు కూడా ఉండదు గానీ రెక్కల మీది రివెట్లతో సహా అన్నీ ఉంటాయి.

బరువు కోసం సంతలో వలలమ్మే ముసలాడి దగ్గర కొన్న, వల అంచుకి కట్టే సీసపు గుండ్లు బల్ల మీద కుంకుమ డబ్బాలో వేసి ఉంచాడు. భార్య వరహాలమ్మ ఖాళీ అయిందని పారెయ్యబోతే అడిగి తీసుకున్న డబ్బా అది. ఇప్పుడు మూత తీసి చూస్తే గుండ్లు లేవు. అడుగున కొంచెం ఎర్రపొడి మాత్రం ఉంది.

అప్పుడు చక్రధరరావుకి మొదట కలిగింది కోపం కాదు. గుండె తేలికపడింది. గుండ్లు డబ్బాలోనే ఉంటే మరిచిపోయినవాడు తనయ్యేవాడు. అవి లేవు కాబట్టి తప్పు తనది కాదు.

వరహాలమ్మని పిలిచి డబ్బా చూపించాడు. ఆవిడ చేతికి అంటిన పిండి కొంగుకి తుడుచుకుంటూ చూసి, మీరే పెట్టేసి మరిచేరేమోనండీ అంది. ఆయన కాగితం ఆవిడ కళ్ళ ముందు పెట్టి తొమ్మిదో గడి మీద పెన్సిలుతో రెండుసార్లు కొట్టాడు. వరహాలమ్మకి ఆ గళ్ళ సంగతి తెలియదు గానీ భర్త టిక్కుల సంగతి తెలుసు. బల్ల కిందా మంచం కిందా ఇద్దరూ వంగి వెతికారు. పెరట్లో పనిమనిషి హుంగే గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దాని పెనిమిటి వలేస్తాడు కదండీ," అంది వరహాలమ్మ, మెల్లగా.

ఆ మాట అనాలని ఆవిడ అనుకున్నట్టు లేదు. చేపలు తెస్తూ ఉంటాడు, వర్షాకాలం కదా అని మామూలుగా అన్నట్టే అంది. కానీ అన్నాక ఇద్దరూ పెరటి గుమ్మం వైపే చూశారు.

హుంగేని పిలిచారు. తడిచేతులు పక్కలకి పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమెది జగర్గుండా అవతల ఊరు. పెళ్ళయ్యాక మొగుడు ముయాతో కలిసి బచేలీ వచ్చి, రైలు పట్టాల అవతల గుడిసె వేసుకున్నారు. ఈ లైనులో నాలుగు క్వార్టర్లలో పని చేస్తుంది. ఇంట్లో గోండీ, బజార్లో హిందీ, ఈ అమ్మలతో భద్రాచలం వైపు తెలుగు.

చక్రధరరావు గొంతు పెంచలేదు. తనది ఒకరి మీద అరిచే స్వభావం కాదని ఆయనకి మనసులో కొంచెం తృప్తి కూడా ఉంది. ఈ డబ్బాలో గుండ్లుండేవని, ఎక్కడైనా చూశావా అని అడిగాడు.

"ఏ గుండ్లయ్యా? నేను ఆ బల్ల కాడికే పోను. ఊడ్వంగ గూడ పోను. అమ్మకి ఎరుకే."

నిజమే. ఆయనకీ ఎరుకే. రెండు నెలలుగా ఆ బల్ల చుట్టూ జానెడు మేర దుమ్ము అలాగే ఉండిపోతోంది. హుంగే చీపురు అక్కడిదాకా వచ్చి వంపు తిరిగి వెళ్ళిపోతుంది. బొమ్మ మొదలుపెట్టిన కొత్తలో పెట్టె మీద అచ్చేసిన విమానాన్ని దూరం నుంచి చూసి, అయ్యా ఇది పైనుంచి ఏస్తదా అని అడిగింది. రెక్కల కింద ఉన్న బాంబుల్ని వేలితో చూపించకుండా గడ్డంతో చూపించింది. ఆయన నవ్వి, ఇది ప్లాస్టిక్కమ్మా, దోసెడు బొమ్మ అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ తరవాత ఆ గదిలో పని ఎంత త్వరగా అయితే అంత త్వరగా ముగించుకుని పోయేది.

ఇదంతా చక్రధరరావుకి గుర్తు లేక కాదు. ఆ నిమిషంలో దాన్ని పక్కన పెట్టాడు.

"నువ్వు తీశావని నేననటం లేదు," అన్నాడు. "ఉంటే తెచ్చి పెట్టేయ్. ఇంకొక్క మాట అడగను."

హుంగే ఆయన మొహంలోకి చూసింది, తరవాత వరహాలమ్మ మొహంలోకి. వరహాలమ్మ పొయ్యి మీద ఏదో ఉందన్నట్టు లోపలికి వెళ్ళింది. హుంగే తిరిగి పెరట్లోకి వెళ్ళి మిగిలిన గిన్నెలు తోమింది. పోయేముందు, ఫ్రిజ్ మీద పెట్టిన కాగితం సంగతి ఎప్పటిలా అడగలేదు. అది ఆమె గేటు పాస్ కాగితం. ఏటేటా ఒక క్వార్టరు యజమాని ఈమె మాకు తెలుసు, నమ్మకస్తురాలు అని సంతకం పెడితేనే టౌన్‌షిప్ గేటు దగ్గర లోపలికి రానిస్తారు. మూడేళ్ళుగా ఆ సంతకం చక్రధరరావుదే. కిందటి వారమే పెట్టాల్సింది. చూద్దాంలే అనుకుని ఆయన ఈ వారమూ పెట్టలేదు.

ఆ సాయంత్రం పిట్టగోడ దగ్గర వరహాలమ్మ పక్కింటి నాగలక్ష్మితో మాట్లాడింది. మా ఆయన గుండ్లు పోయాయి, దొంగతనం అనడం లేదు గానీ మీరూ కొంచెం చూసుకోండి అని మాత్రమే అంది. నాగలక్ష్మి కూడా అవతలింటికి అంతమాత్రమే చెప్పి ఉంటుంది.

మంగళవారం హుంగే వచ్చి పని చేసుకుని పోయింది. బుధవారం చక్రధరరావుకి వారపు సెలవు. పొద్దున్నే స్నానం చేసి, సింహాచలం అప్పన్న పటం ముందు దీపం పెట్టి, తెలిసీ తెలియకా చేసిన తప్పులు క్షమించమని రోజూ చెప్పుకునేదే చెప్పుకుని బల్ల ముందు కూర్చున్నాడు.

పని అంటే ఆయనకి ఇదీ. అతుకు మీద పొంగిన ప్లాస్టిక్కును నీటి గరుకుకాగితంతో, తడి చేసుకుంటూ, వేలి గోరుకి తగలనంతగా అరగదీశాడు. రెక్కలు అతికించి, రెండు వైపులా సమంగా ఉన్నాయో లేదో కంటికెదురుగా పెట్టుకుని చూశాడు. పాత బనీను ముక్కతో నూనె జిడ్డు తుడిచాడు. డ్రిల్లు పట్టీ పట్టీ ఆయన వేళ్ళ చివరలు చలికాలంలో తెల్లబడి మొద్దుబారతాయి. కానీ చలి లేని ఈ నెలల్లో చెయ్యి కుదురుగానే ఉంటుంది. వెండి రంగు పల్చగా మూడు పూతలు వేసి, ఆరబెట్టడానికి నడుం దగ్గర దారం కట్టి కిటికీ ఊచకి వేలాడదీశాడు.

దారం మెలి తిరిగి నిలబడేసరికి విమానం ముక్కు కిందికి వాలింది. వాగులో నీళ్ళు తాగే పిట్టలా తలదించి ఆగింది.

చక్రధరరావు కుంచె పక్కన పెట్టి చూశాడు. కాగితంలో బరువు పెట్టమని ఎందుకున్నట్టు? ఒంటికి సహజంగా తోక బరువెక్కువ అనే కదా. మరి దారం నడుంకి కడితే ముక్కు ఎందుకు వాలాలి? ముక్కు వైపు రంగు ఇంకా పచ్చిగా ఉంది, దాని బరువు, అనుకున్నాడు. రంగు బరువు ఎంతుంటుందో ఆయనకి తెలియక కాదు. దారాన్ని రెండు వేళ్ళంత ముందుకి జరిపి కట్టాడు. విమానం సరిగ్గా అడ్డంగా నిలిచింది. అంతే, దాన్ని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

గురువారం పొద్దున్న హుంగే ఒక బట్టమూట తెచ్చింది. పాత చీర చెంగు చింపి కట్టిన మూట. గుమ్మం దగ్గర నేల మీద పెట్టి, "తీసుకోన్రి అయ్యా," అంది. పెట్టినప్పుడు ధప్పుమంది. వెనక్కి తిరిగి పెరట్లోకి పోలేదు, వచ్చిన దారినే గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది.

వరహాలమ్మ మూట విప్పింది. సీసపు గుండ్లు. చూశారా, తెచ్చేసింది అంది గానీ, గెలిచిన మనిషిలా అనలేదు. పోనీలెండి, పాపం, తెచ్చింది కదా, పాస్ మీద సంతకం పెట్టేయండి అని కూడా అంది.

చక్రధరరావు గుండ్లని అరచేతిలో పోసుకున్నాడు. తను కొన్నవి కొత్తవి. కత్తితో కోసినప్పటి మెరుపు పోలేదు, కుంకుమ డబ్బాలో ఉండి సందుల్లో ఎర్రగా ఉండేవి. ఇవి తెల్లగా బూడిద పట్టాయి. ప్రతి గుండుకీ మధ్యలో దారం ఒరుసుకుని గాడి పడింది. ఒకదానికి ఇంకా తెగిన నైలాను పోగు వేలాడుతోంది. అవీ తను కొన్నవాటికి నాలుగింతలున్నాయి.

ఆయన మూట మళ్ళీ కట్టేశాడు. కట్టి బల్ల సొరుగులోకి తోశాడు.

మర్నాడు హుంగే రాలేదు. నాగలక్ష్మి ఆమెని రావద్దందని, మిగతా రెండు ఇళ్ళూ కూడా వేరే మనిషిని చూసుకున్నాయని వరహాలమ్మ చెప్పింది. దొంగసొత్తు తనే తెచ్చి ఇచ్చేసిందట కదా అని లైనంతా అంటున్నారట. గిన్నెలు ఆ రోజు నుంచి వరహాలమ్మే తోముకుంది.

ఆ రెండు రోజులూ చక్రధరరావుకి పూజలో ఒక ఇబ్బంది వచ్చింది. తెలిసీ తెలియకా అన్నచోట నాలుక ఆగేది. చిన్నప్పటి నుంచీ ఆ రెండూ ఒకే గుక్కలో అనేస్తున్నాడు. తెలిసి చేసింది ఏది, తెలియక చేసింది ఏది అని విడదీసి ఎప్పుడూ చూడలేదు. సోమవారం చేసింది తెలియక. మరి బుధవారం దారం జరిపింది? గురువారం మూట కట్టేసింది? అన్నీ కలిపి ఒకే గుక్కలో చెప్పుకుంటే స్వామి కూడా కలిపే తీసుకుంటాడా? ఆయనకి తెలియలేదు. అడగడానికి ఎవరూ లేరు. దీపం కొండెక్కకుండా ఒత్తి ఎగదోసి లేచాడు.

ఆదివారం చక్రాలు అతికించాలి. తోక మీద కూర్చోకుండా కింద పెట్టడానికని అప్పటికే ఖాళీ పెన్ను గొట్టాన్ని కోసి, సాన పెట్టి, చిన్న ఊతకర్ర తయారు చేసి ఉంచాడు. గాజులా ఉంటుంది, దూరానికి కనబడదు. ముందు నీళ్ళలో నానేసిన మూడు రంగుల చక్రం గుర్తులని పట్టకారుతో రెక్కల మీదికి జార్చి, తడిబట్టతో అద్ది, గాలి బుడగ లేకుండా చూశాడు. తరవాత మూడు కాళ్ళూ అతికించి గంటసేపు తలకిందులుగా ఆరనిచ్చాడు.

పదకొండింటికి షెడ్డు ఇంజనీరు అవినాష్ వచ్చాడు. పూజలో ఎవరి వస్తువు ఎక్కడ పెట్టాలో చూసే పని అతనిది. ఫోనులో ఫోటో తీసుకుంటానన్నాడు. వరహాలమ్మ టీ తెచ్చింది. చక్రధరరావు విమానాన్ని తిప్పి రెండు చేతులతో బల్ల మీద దించాడు. ఊతకర్ర కోసం ఎడమచేత్తో వెతుకుతూ, కుడిచెయ్యి తోక కింద పట్టి ఉంచాడు. ఊతకర్ర పెట్టె కిందికి దొర్లిపోయింది. దానికోసం వంగేసరికి తోక కింద ఉన్న చెయ్యి జారింది.

విమానం కదల్లేదు. మూడు చక్రాల మీద, ముక్కు కొంచెం కిందికి ఒత్తుకుని, నిలబడింది.

"అరే వాహ్, చక్రధర్‌జీ," అన్నాడు అవినాష్. హాస్టల్లో ఉన్నప్పుడు తనూ ఒకటి చేశాడట, అది ఎప్పుడూ తోక మీదే కూర్చునేదట, అందరూ నవ్వేవారట. అతను వేలితో తోకని మెల్లగా నొక్కాడు. ముందు చక్రం లేచి, వేలు తీయగానే టక్కున కిందికి దిగింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ టక్కున దిగింది.

"ముక్కులో ఏం పెట్టారు?"

చక్రధరరావు పెట్టె కిందికి దొర్లిన ఊతకర్రని తీసి జేబులో వేసుకున్నాడు. చెప్పాల్సింది ఒక్క మాట. అది చెబితే మిగతా అంతా చెప్పాలి. అవినాష్ ఆయన సిగ్గుని అణకువ అనుకున్నట్టున్నాడు. నాలుగు ఫోటోలు తీసుకుని, టీ తాగి, దీన్ని విశ్వకర్మ పటానికి కుడివైపునే పెట్టిద్దామని చెప్పి వెళ్ళిపోయాడు.

వరహాలమ్మ ఖాళీ గ్లాసులు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "శనివారం పొద్దున్న మీరు బొట్టుతో పడుకున్నారు," అంది.

ఆయన తలెత్తాడు.

"రాత్రి సి-షిఫ్టు దిగొచ్చేరు. తానం చెయ్యలేదు, పూజ చెయ్యలేదు. నుదుటి మీద కుంకం ఉంది. ఇదేటండీ అనడిగితే ఏదో గొణిగి అటు తిరిగి పడుకున్నారు."

అప్పుడు కళ్ళకి కట్టింది. రాత్రంతా నిలబడి వచ్చిన కాళ్ళు. సగం మూసుకుపోయిన కళ్ళు. ముక్కు శంకువులోకి ఒక్కొక్కటే గుండు జార్చి పైన జిగురు పోయడం. వేలికి కుంకుమ అంటుకుంటే, కుంకుమ కదా అని గుడ్డకి తుడవకుండా నుదుటికి రాసుకోవడం. సగాలు రెండూ మూసి టేపు చుట్టి, టిక్కు లేచాక పెట్టొచ్చులే అనుకోవడం.

"నాగలక్ష్మికి చెప్పింది నేనే," అంది వరహాలమ్మ. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

చక్రధరరావు చీర కొన్నప్పటి అట్టపెట్టెలో విమానాన్ని దూది మధ్య పెట్టాడు. సొరుగులోంచి మూట తీశాడు. ఫ్రిజ్ మీది పాస్ కాగితం మీద, నమ్మకస్తురాలు అన్న అచ్చు మాట కింద సంతకం పెట్టాడు. మూడూ స్కూటరు మీద పెట్టుకుని గేటు దాటి, రైలు పట్టాల అవతలికి, బురద దారిన వెళ్ళాడు. దారిలో రెండుచోట్ల దిగి నడిపించుకుంటూ పోవలసి వచ్చింది.

గుడిసె ముందు ముయా వల పరుచుకుని కూర్చున్నాడు. వల అంచున ఒక్క సీసపు గుండూ లేదు. పక్కన చేటలో కాల్చిన మట్టి పూసలు, ఉసిరికాయలంతవి, చిల్లులు పొడిచినవి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి అంచుకి కడుతున్నాడు. మట్టి గుండ్లు రాయి తగిలితే పగులుతాయి. నీళ్ళలో వల నెమ్మదిగా దిగుతుంది, అది దిగేలోపు చేప పోతుంది. చేపలు పట్టనివాడికైనా అది చూస్తే తెలుస్తుంది. ముయా తలెత్తి చూసి మళ్ళీ ముడి వేసుకున్నాడు.

హుంగే లోపలి నుంచి వచ్చింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

చక్రధరరావు వంగి, అలికిన అరుగు మీద అట్టపెట్టె పెట్టి మూత తీశాడు. హుంగే ఒక అడుగు వెనక్కి వేసింది. విమానాన్ని తీసి అరుగు మీద నిలబెట్టి, చేతులు రెండూ వెనక్కి తీసుకున్నాడు.

"ముక్కులో సీసం లేకపోతే ఇది నిలబడదమ్మా," అన్నాడు. "తోక మీద పడిపోతుంది. నేనే పెట్టాను. పెట్టి మరిచిపోయాను."

హుంగే కొంగుతో చెయ్యి తుడుచుకుని, దగ్గరికి వచ్చి, చూపుడువేలితో తోకని నొక్కింది. ముందు చక్రం లేచింది. వేలు తీసింది. టక్కుమని దిగింది.

"ఇన్ని దినాలు దీన్లనే ఉందా?"

"దీన్లోనే ఉంది."

ఆమె ముయాతో గోండీలో చెప్పింది. ముయా చేతిలో ముడి ఆపకుండానే ఒక్క మాట అన్నాడు. ఏమన్నాడని చక్రధరరావు అడిగాడు.

"మీకెందుకయ్యా ఆ మాట," అంది హుంగే.

ఆయన మూట తీసి ముయా పక్కన పెట్టాడు. ముయా దాన్ని వేలితో ఆయన వైపే నెట్టి, హిందీలో, ఇవి మీవే కదా సాబ్, మీరే చెప్పారు కదా అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే ఒకరి వస్తువు వారికి తిరిగిచ్చేసినట్టు అన్నాడు. అన్నాక ఇంకో మట్టి పూస తీసుకున్నాడు.

మరి ఎందుకు తెచ్చిచ్చావు, నీవి కావని అప్పుడే అనొచ్చు కదా అని చక్రధరరావు హుంగేని అడిగాడు. అడుగుతుండగానే, ఆ ప్రశ్నలో కూడా తప్పు ఆమె మీదికే తోస్తున్నానని ఆయనకి తెలిసింది.

"తెచ్చి పెట్టెయ్ అన్నరు," అంది ఆమె. "లేనిది యాడికెల్లి తేవాలె? ఇంట్ల ఉన్నయి తెచ్చిన."

పాస్ కాగితం ఇచ్చాడు. ఆమె చదవలేదు గానీ సంతకం ఎక్కడ ఉంటుందో తెలుసు. అక్కడ చూసి, మడిచి, బొడ్లో దోపుకోకుండా చేతిలోనే పట్టుకుంది.

"దీంతోటి గేటు తెరుస్తరయ్యా. తలుపులెవరు తెరుస్తరు? నాలుగిండ్ల జేసిన. దొంగదన్నది నాలుగిండ్లకూ పోయింది. ఎట్ల పోయిందో అట్లనే పోయి చెప్పున్రి. ఒక్కొక్క ఇంటికి. అప్పుడు నేను వస్తనో రానో చూస్కుంట."

చక్రధరరావు తలూపాడు. మూట తీసుకోకుండా లేచి నాలుగడుగులు వేశాడు. వెనక నుంచి ముయా పిలిచి మూట చూపించాడు. మళ్ళీ వచ్చి తీసుకున్నాడు.

స్కూటరు ఇంటి ముందు ఆపేసరికి ఎండ ఏటవాలుగా ఉంది. ఆదివారం కాబట్టి లైనంతా బయటే ఉన్నారు. ఎవరో సైకిలు కడుగుతున్నారు, ఎవరో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నాగలక్ష్మితో చెబుదామని పిట్టగోడ దాకా వెళ్ళి తిరిగొచ్చేశానంది. ఆయన చేతిలోని మూట అందుకుంది. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో తెలియక, కాసేపు నిలబడి, అప్పన్న పటం కింది అరలో పెట్టింది. దీపం పెట్టినప్పుడల్లా అది కనబడుతుంది.

అట్టపెట్టె మూత తీసి విమానాన్ని రెండు అరచేతుల మీద పట్టుకున్నాడు. బట్టలు మార్చుకుని వెళ్ళండి అని వరహాలమ్మ అనబోయి మానేసింది. మోకాళ్ళ దాకా బురద ఉంది. పది అడుగులే దూరం. ఆ పది అడుగుల్లోనూ రెండుసార్లు, రేపు వెళ్తే ఏం అనిపించింది. రేపంటే బి-షిఫ్టు, తరవాత పూజ పనులు, అలా పోతూనే ఉంటుంది. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. వరహాలమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది.

నాగలక్ష్మి తలుపు తీసింది. చూస్తూనే మొహం విప్పారింది. అయ్యో మీరే చేశారా అన్నయ్యగారూ, ఇది ఆటబొమ్మలా లేదే, నిజం విమానంలా ఉంది, రండి రండి, లోపల అందరికీ చూపిద్దురు గాని అంటూ లోపలికి కేకేసింది. ఆవిడ భర్త బనీనుతోనే బయటికొచ్చాడు. ఎదురింటివాళ్ళు కూడా నీళ్ళ గొట్టం కింద పడేసి ఇటు నడిచారు.

చక్రధరరావు లోపలికి వెళ్ళలేదు. గడప మీద వంగి, విమానాన్ని అరుగు మీద నిలబెట్టి, చేతులు తీసేశాడు. అది నిలబడింది. అందరూ మెచ్చుకుంటూ ఉంటే, ఆ మెప్పు అయ్యేదాకా ఆగితే ఇంక తనవల్ల కాదని తెలిసి, మధ్యలోనే అందుకున్నాడు.

"దీని ముక్కులో సీసం ఉందమ్మా," అన్నాడు. "మొదటి నుంచీ దీంట్లోనే ఉంది."